ఎవరూ తాకని చోట అరుగుదల ఎలా వస్తుంది? పికప్ ట్రక్కుల తయారీదారులకు బహిరంగ లేఖ

పికప్ ట్రక్కుల కంపెనీల్లో డిజైన్, వారంటీ, విడిభాగాల విభాగాలు చూసే పెద్దలకు,

నమస్కారం.

మీ ట్రక్కుల్లో ఇంజను పదిహేను, ఇరవై ఏళ్ళు నిక్షేపంగా పనిచేస్తుంది. అదే ట్రక్కు తలుపు తీసి చూస్తే, ఐదారేళ్ళకే రూఫ్ లైనింగు ఊడి డ్రైవరు తలకు తగులుతూ ఉంటుంది. డ్యాష్‌బోర్డు ఎయిర్‌బ్యాగ్ మూత చుట్టూ చీలి ఉంటుంది. తలుపు మీది స్విచ్చుల ప్యానెల్ ముట్టుకుంటే వేళ్ళకు జిగురు అంటుకుంటుంది. ఏసీలో వేడి, చలి మార్చినప్పుడల్లా డ్యాష్‌బోర్డు వెనక టకటకమని చప్పుడు వస్తుంది. షోరూముకు తీసుకెళితే దొరికే జవాబు ఒక్కటే: "వారంటీ అయిపోయిందండీ, ఇది అరుగుదల కిందికి వస్తుంది."

ట్రక్కుల ఇంటీరియర్ పని చేసేవాళ్ళం, వాటిని రోజూ నడిపేవాళ్ళం కలిసి రాస్తున్న లేఖ ఇది. మేము చెప్పదలచుకున్నది ఒకటే. తయారీలో ఉన్న లోపం వారంటీ తేదీ దాటగానే అరుగుదలగా మారిపోదు. ప్రతి రిపేరుకూ పూర్తి ఖర్చు మీరే భరించాలని మేము అడగడం లేదు. లోపాన్ని లోపమని ఒప్పుకోండి. దాన్ని బాగుచేసుకోవడానికి కావలసిన చిన్న భాగాలు, పద్ధతి, కొలతలు మాకు అందేలా చూడండి.

ముందు అరుగుదల సంగతి తేల్చుకుందాం. అరుగుదల అంటే రాపిడి వల్ల వచ్చేది. మడమ ఆనే చోట కార్పెట్ చిల్లు పడుతుంది. పెడల్ రబ్బరు నున్నబడుతుంది. ఎక్కి దిగేటప్పుడు ఒంటికి రుద్దుకునే సీటు అంచు చిరుగుతుంది. వీటికి వారంటీ అడగడం న్యాయం కాదని మాకూ తెలుసు. మరి రూఫ్ లైనింగును ఎవరు తాకుతారు? డ్యాష్‌బోర్డులో ముందు అద్దం కింద, చెయ్యి కూడా సరిగా దూరని మూలలో ఎవరు రుద్దుతారు? ఒకే మోడల్‌లో, ఒకే ఏడాదిలో తయారైన ట్రక్కులన్నిటికీ అదే స్క్రూ రంధ్రం దగ్గర, అదే కోణంలో పగులు మొదలైతే దానికి వాడినవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండీ, ఎక్కువ తిరిగిన బండీ ఒకే వయసులో ఒకేలా పాడైతే దానికి కారణం వాడకం కాదు, వాడిన పదార్థం.

"పికప్ అంటే పనిబండి కదా, మొరటుగా వాడతారు" అనే మాట కూడా తరచుగా వినిపిస్తుంది. పనిబండి అని అమ్మినప్పుడు లోపలి సామగ్రి మామూలు కారు కన్నా గట్టిగా ఉండాలి. పైగా వెనక సామాను వేసే బెడ్డుతో కలిపి పొడవు ఎక్కువ కాబట్టి పికప్ చాలా గ్యారేజీల్లో పట్టదు, రోజంతా ఆరుబయట ఎండలోనే నిలబడుతుంది. క్యాబిన్‌కు చుట్టూ అద్దాలు, తలల వెనకే ఇంకో అద్దం. ఎండలో మూసి ఉంచిన బండిలో డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీల సెల్సియస్ దాటడం సర్వసాధారణం. ఈ సంగతి డిజైన్ చేసే రోజునే మీకు తెలుసు.

రూఫ్ లైనింగుతో మొదలుపెడతాం. ఎక్కువగా తప్పుడు రిపేరు జరిగేది ఇక్కడే.

లైనింగులో మూడు పొరలుంటాయి. పైన గట్టి బోర్డు, మధ్యలో రెండు నుంచి నాలుగు మి.మీ. మందం పాలీయూరిథేన్ స్పాంజి, కింద కంటికి కనిపించే గుడ్డ. బయటినుంచి చూస్తే గుడ్డ జిగురు వదిలినట్టు కనిపిస్తుంది. ఊడిన చోట గుడ్డను లాగి, దాని వెనక వేలు పెట్టి రుద్దితే అసలు సంగతి తెలుస్తుంది. నారింజ రంగు పొడి వేలికి అంటుతుంది. అది ఒకప్పటి స్పాంజి. వేడికి, గాలిలో తేమకు ఆ స్పాంజి లోపలి బంధాలు తెగిపోయి పిండిలా రాలుతుంది. జిగురు ఇంకా బోర్డునే పట్టుకుని ఉంటుంది, స్పాంజి మాత్రం ఉండదు. అందుకే గుడ్డ వెనక సూదితో జిగురు ఎక్కించడం, ఆవిరి పట్టడం, గుండుసూదులు, స్క్రూ పిన్నులు గుచ్చడం ఏదీ నిలవదు. పిన్నులు గుచ్చిన చోట నిలబడుతుంది, పక్క జానెడు దూరంలో మళ్ళీ జారుతుంది.

పాలిఎస్టర్ రకం యూరిథేన్ తేమకు తొందరగా విరుగుతుందనీ, పాలిఈథర్ రకం తేమను బాగా ఓర్చుకుంటుందనీ పాలిమర్ రంగంలో ఉన్నవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. గుడ్డ చాటున వెలుతురు తగలని చోట ఏ రకం వాడాలో తేల్చుకోవడం కష్టం కాదు. ఆ ఎంపిక మీ చేతుల్లో ఉంది, కొన్నవాళ్ళ చేతుల్లో లేదు.

సరైన రిపేరు ఇలా ఉంటుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో మిగిలిన కరెంటు దిగిపోవడానికి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. మాన్యువల్ చేతిలో లేకపోతే పది నిమిషాలకు తక్కువ కాకుండా ఆగడం మంచిది. ముందు అద్దం పక్క పిల్లర్ల కవర్లు తీసేటప్పుడు తొందర పనికిరాదు. లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (పక్క అద్దాల మీదుగా తెరలా దిగేది) ఉన్న బండ్లలో ఆ కవర్లను పట్టుకునే క్లిప్పులకు పట్టీ ఉంటుంది. బ్యాగ్ విచ్చుకున్నప్పుడు కవరు ఎగిరి మొహానికి తగలకుండా ఆ పట్టీ ఆపుతుంది. చాలా డిజైన్లలో ఆ క్లిప్పు ఒకసారి తీస్తే మళ్ళీ వాడకూడదు. పాతదాన్నే నొక్కి పెట్టేయడం చూడటానికి బాగానే ఉంటుంది, ప్రమాదం జరిగినప్పుడు మాత్రం ఆపదు.

నాలుగు తలుపుల క్యాబ్‌లో బోర్డు పెద్దది. సీట్లు పూర్తిగా వెనక్కి వాల్చి, ఇద్దరు పట్టుకుని బయటికి తీయాలి. ఒక్కరే వంచి లాగితే అడ్డంగా మడత పడుతుంది, ఆ గీత కొత్త గుడ్డలోంచి కూడా కనిపిస్తుంది. బల్ల మీద పెట్టి గుడ్డ ఒలిచాక పాత స్పాంజి పొడి మొత్తం మెత్తటి బ్రష్షుతో గీకి, వాక్యూమ్‌తో లాగాలి. పనంతా ఈ దశ మీదే ఆధారపడి ఉంటుంది. పొడి మీద వేసిన జిగురు పొడిని పట్టుకుంటుంది, బోర్డును పట్టుకోదు. ముక్కుకు మాస్కు తప్పనిసరి. బోర్డులో ఫైబర్‌గ్లాస్ ఉంటే చేతులకు గ్లౌజులు కూడా కావాలి.

కొత్త గుడ్డ స్పాంజి అంటించి వచ్చే ఆటోమొబైల్ రకమే కావాలి, నాలుగు వైపులా 8 నుంచి 10 సెం.మీ. ఎక్కువ ఉండేలా కత్తిరించాలి. జిగురు 80 డిగ్రీలు తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న కాంటాక్ట్ రకం తీసుకోవాలి. చేతిపనులకు వాడే మామూలు స్ప్రే జిగురు మొదటి ఎండాకాలానికే మెత్తబడి వదిలేస్తుంది. గుడ్డను బోర్డు మీద సర్ది, సగం వెనక్కి మడిచి, రెండు వైపులా జిగురు కొట్టి, వేలు పెడితే అంటుకోవాలి కానీ తీగ సాగకూడదు అన్న స్థితి వచ్చేదాకా ఆగి, మధ్యనుంచి అంచులకు అరచేత్తో నొక్కుకుంటూ రావాలి. గుంటలున్న చోట ముందు గుంటలోకి నొక్కి తర్వాత పక్కలకు వెళ్ళాలి, లేకపోతే గుడ్డ గుంట మీద డప్పులా బిగుసుకుని రెండు నెలల్లో లేస్తుంది. ఒక రోజంతా ఆరనిచ్చి బిగించాలి.

గుడ్డ విషయంలో ఒక హెచ్చరిక. వాహనం లోపలి గుడ్డ, రెగ్జిన్, స్పాంజి మంట అంటుకుంటే నిమిషానికి సుమారు 100 మి.మీ. కన్నా వేగంగా కాలకూడదన్న నియమం చాలా దేశాల్లో ఉంది. ఐఎస్ఓ 3795 అనే అంతర్జాతీయ ప్రమాణం దీన్ని కొలిచే పద్ధతి. సోఫా గుడ్డో, కర్టెన్ గుడ్డో చవకగా దొరికిందని రూఫుకు అంటిస్తే ఆ రక్షణ పోతుంది. మీ విడిభాగాల కౌంటరు ఆ గుడ్డను మీటర్ల లెక్కన అమ్మదు. బోర్డుతో కలిపి మొత్తం అసెంబ్లీ కొనమంటుంది, పాత మోడలైతే అదీ దొరకదు. అప్పుడు జనం ఏది దొరికితే అది అంటించుకుంటున్నారు.

ఇక డ్యాష్‌బోర్డు. అద్దం లోపలి వైపు ఎన్నిసార్లు తుడిచినా నూనె పొరలా మసక పేరుకుంటుందని ట్రక్కు నడిపేవాళ్ళు అంటారు. ఆ పొరలో కొంత భాగం డ్యాష్‌బోర్డు తోలులోంచి వచ్చిందే. పీవీసీ పైతోలు మెత్తగా ఉండటానికి కలిపిన ప్లాస్టిసైజర్ వేడికి ఆవిరై చల్లటి అద్దం మీద చేరుతుంది. దీన్ని కొలవడానికే ఐఎస్ఓ 6452 అనే ఫాగింగ్ పరీక్ష ఉంది. అద్దం మీద చేరినంత మేరకూ తోలు గట్టిపడుతుంది, కుంచించుకుంటుంది. అంచులు కదలకుండా బిగించి ఉంటాయి కాబట్టి ఆ లాగుడంతా బలహీనమైన చోట తేలుతుంది: స్పీకరు జాలీ మూల, ఏసీ వెంట్ మూల, స్క్రూ రంధ్రం, ఎయిర్‌బ్యాగ్ మూత గీత. ముందు అద్దం రెండు గాజుల మధ్య పొర ఉన్న రకం కాబట్టి అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని అదే ఆపేస్తుంది. కాబట్టి "ఎండలో పెట్టారు, ఎండకు పోయింది" అన్నది సగం మాట. ఎక్కువ దెబ్బ వేడిది. ఆ వేడిని ఓర్చుకునే తోలును ఎంచుకోవడం తయారీదారు బాధ్యత.

పగులు ఎయిర్‌బ్యాగ్‌కు దూరంగా ఉంటే రిపేరు సాధ్యమే. పగులు కొసలో రెండు మి.మీ. రంధ్రం వేసి సాగుడు ఆపి, అంచులు ఏటవాలుగా కోసి, సాగే గుణమున్న ఫిల్లరు పలుచగా రెండు మూడు పూతలు నింపి, వాటర్ పేపరుతో సమం చేసి, తోలు మీద ఉండే గరుకు నమూనా అద్ది, వినైల్ రంగు కొట్టవచ్చు. గట్టిపడే ఎపాక్సీ వాడితే పగులు దాని పక్కనుంచే మళ్ళీ మొదలవుతుంది.

ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ మూత మీద గానీ దాని గీత పొడవునా గానీ పగులు ఉంటే అక్కడ ఫిల్లరు, జిగురు, పైన అంటించే కవరు ఏవీ పెట్టకూడదు. ఆ గీతను లోపలి వైపునుంచి లెక్క ప్రకారం పలుచగా చేసి ఉంచుతారు. బ్యాగ్ సెకనులో ఇరవయ్యో వంతు సమయంలో దాన్ని చీల్చుకుని రావాలి. అక్కడ అంటించిన ప్రతిదీ బ్యాగ్ దారి మార్చవచ్చు, ఆలస్యం చేయవచ్చు, ముక్కలై ఎగరవచ్చు. మీరు ఎయిర్‌బ్యాగ్‌ను చలిలో, మామూలు వాతావరణంలో, బాగా వేడిలో పేల్చి చూసి ఆమోదిస్తారు. ఎండి, పెళుసుబారి, గీత పక్కన ఇంకో పగులు పడ్డ తోలు అదే విధంగా చీలుతుందా అన్న ప్రశ్నకు మీరు జవాబు చెప్పాలి. మా దృష్టిలో ఎయిర్‌బ్యాగ్ గీతను తాకిన పగులు అందానికి సంబంధించిన ఫిర్యాదు కానే కాదు. దానికి వారంటీ తేదీ చూడకూడదు, కిలోమీటర్లు చూడకూడదు.

సీట్ల విషయంలో మీ వాదనలో కొంత న్యాయం ఉంది. పికప్ ఎత్తుగా ఉంటుంది, దిగేవాళ్ళు డ్రైవరు సీటు బయటి దిండు మీదుగా జారుతారు, ఆ దిండు అరుగుతుంది. ఒప్పుకుంటాం. కానీ తోలు చిరగకముందే లోపలి స్పాంజి కుంగిపోయి, అడుగున ఉన్న ఇనుప తీగ స్పాంజిని కోసుకుంటూ పైకి వస్తే అది వేరే సమస్య. తీగకూ స్పాంజికీ మధ్య ఫెల్టు గుడ్డ పొర పెట్టని చోట ఇది జరుగుతుంది. కవరు విప్పి చూస్తే తీగ వెంట కత్తితో కోసినట్టు సన్నటి చీలిక కనిపిస్తుంది.

ఇది కొత్త సీటు కొనాల్సినంత పని కాదు. సీటు కింది కొక్కేల పట్టీలు విప్పి, కవరును పట్టి ఉంచే ఇనుప రింగులు (హాగ్ రింగులు) కత్తిరించి, కవరు సగం వరకు తీస్తే చాలు. కుంగిన భాగాన్ని సమంగా కోసేసి, ఘనపు మీటరుకు 50 కిలోలకు తగ్గని సాంద్రత ఉన్న స్పాంజి ముక్క అంచులు ఏటవాలుగా చెక్కి అంటించాలి. తీగ పొడవునా ఫెల్టు చుట్టాలి. కవరు వెనక్కి లాగి కొత్త రింగులు వేసి, ముడతలకు ఆవిరి పట్టాలి. మీరు ఆ స్పాంజి దిండును విడిగా అమ్మితే ఈ పనంతా ఇంకా సులువవుతుంది.

అయితే రెండు చోట్ల చెయ్యి పెట్టే ముందు ఆగాలి. సీటు వీపు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటే, ఆ వైపు కుట్టు తెగిపోయేలా లెక్కపెట్టి వేసినది. మామూలు నైలాన్ దారంతో గట్టిగా తిరిగి కుట్టినా, బిగుతుగా ఉండే కవరు తొడిగినా బ్యాగ్ సరిగా బయటికి రాకపోవచ్చు. రెండోది ప్రయాణికుడి సీటు. మనిషి కూర్చున్నాడో లేదో పసిగట్టే సెన్సరు చాలావాటిలో స్పాంజి కిందో, మధ్యలోనో ఉంటుంది. కొన్ని డిజైన్లలో స్పాంజి, సెన్సరు, మాడ్యూలు (దాన్ని నడిపే చిన్న కంప్యూటరు) ఒకదానికొకటి సరిపోయేలా జతగా వస్తాయి. స్పాంజి మందం మార్చి సెన్సరును మళ్ళీ సున్నాకు సరిచేయకపోతే పెద్దమనిషి కూర్చున్నా ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ అని చూపవచ్చు. ఆ సరిచేసే పద్ధతి షోరూము స్కానరుకే పరిమితం చేశారు. బయట పనిచేసేవాళ్ళకు కూడా అది అందుబాటులో ఉండాలి, ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

జిగురుగా మారే ప్లాస్టిక్కుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మెత్తగా తగలాలని స్విచ్చుల మీద, గ్లోవ్‌బాక్సు మూత మీద, తలుపు పిడి మీద వేసే సాఫ్ట్ టచ్ పూత తేమకు విరిగి బంకలా మారుతుంది. చెమట, సన్‌స్క్రీన్, దోమల మందు, చేతులకు రాసుకునే శానిటైజర్ దాన్ని ఇంకా తొందరపెడతాయి. బాగుచేయడానికి ఆ పూత మొత్తం తీసేయడం ఒక్కటే మార్గం. ప్యానెల్ విప్పి, స్విచ్చులు బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ కొన్ని నిమిషాలు కప్పి ఉంచి, ప్లాస్టిక్ గీకుడు ముక్కతో తీయాలి. అసిటోన్, థిన్నర్ వాడితే కింద ఉన్న ఏబీఎస్ ప్లాస్టిక్ కూడా కరుగుతుంది. పూత పోయాక కింద మామూలు ప్లాస్టిక్ గట్టిగా, శుభ్రంగా ఉంటుంది. మొదటినుంచీ అలాగే వదిలేసి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. దయచేసి వచ్చే మోడళ్ళలో చెయ్యి తగిలే చోట ఈ పూత మానేయండి.

పికప్‌కే ప్రత్యేకమైన ఒక సమస్యను ఇంటీరియర్ పనివాళ్ళ నెత్తిన రుద్దుతున్నారు. వెనక సీటు కింద కార్పెట్ తడి, రూఫ్ లైనింగు వెనక అంచున గోధుమరంగు మరకలు, బూజు వాసన. దీనికి షాంపూ వాష్ రాసి పంపిస్తారు, నెలలోపే మళ్ళీ వస్తుంది. నీళ్ళు వచ్చే దారులు సాధారణంగా నాలుగు. క్యాబ్ వెనక పైన ఉండే మూడో బ్రేక్ లైటు గ్యాస్కెట్ కుంగిపోవడం, జరిగే వెనక అద్దం ఫ్రేము మూలల్లో పగలడం, వెనక గోడలో గాలి పోవడానికి పెట్టిన వెంట్ చుట్టూ సీలు వదలడం, తలుపు ప్యాడ్ వెనక ఉండే నీటి అడ్డు షీటు ఊడటం.

కనిపెట్టే పద్ధతి కష్టమేమీ కాదు. వెనక సీటు, వెనక గోడ ప్యాడ్ తీసేసి, లోపల ఒకరు టార్చి పట్టుకుని కూర్చోవాలి. బయట ఒకరు గొట్టంతో నీళ్ళు ధారగా వదలాలి, ఒత్తిడి ఉండకూడదు. కిందనుంచి మొదలుపెట్టి ఒక్కో చోట ఐదు నిమిషాలు ఉంచుతూ పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్ని సీళ్ళ మీదుగా కారి ఏది కారుతోందో తేలదు. గోడకు ముందే టాల్కమ్ పౌడరు చల్లితే నీటి దారి గీతలా కనబడుతుంది. బ్రేక్ లైటు అయితే స్క్రూలు విప్పి, రేకు తుడిచి, కొత్త గ్యాస్కెట్ పెట్టి సమంగా బిగిస్తే పని అయిపోతుంది. స్క్రూలు అతిగా బిగిస్తే లైటు వంగి మళ్ళీ కారుతుంది. తడి ముందు సీటు ప్రయాణికుడి కాళ్ళ దగ్గర ఉంటే కథ వేరు. ఏసీ నీళ్ళు పోయే గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు, తీపి వాసన, జిడ్డు ఉంటే క్యాబిన్‌ను వేడిచేసే హీటరు కోర్ కారుతున్నట్టు. కార్పెట్ కింది మందపాటి స్పాంజి తీసి విడిగా ఆరబెట్టాలి, పైన ఆరినట్టు కనిపించినా అడుగున నెలల తరబడి నీళ్ళుంటాయి. చాలా ట్రక్కుల్లో సీట్ల కిందనే మాడ్యూళ్ళు, కనెక్టర్లు ఉంటాయి కాబట్టి చవకైన గ్యాస్కెట్ ఒకటి పెద్ద వైరింగ్ పనిగా మారుతుంది. గ్యాస్కెట్ లోపం మీరు మీ వర్క్‌షాపులకు పంపే సాంకేతిక సూచనల పత్రంలో (బులెటిన్‌లో) నమోదై ఉండి కూడా తడిసిన కార్పెట్‌ను "బయటి కారణం" అని రాయడం అన్యాయం.

ఏసీ టకటక చప్పుడు గురించి క్లుప్తంగా. గాలిని వేడి, చలి దారుల్లోకి మళ్ళించే తలుపును తిప్పే చిన్న మోటారులో ప్లాస్టిక్ పళ్ళ చక్రం విరుగుతుంది. మోటారు మార్చే ముందు ఆ తలుపు ఇరుసును వేళ్ళతో తిప్పి చూడాలి. బిగుసుగా ఉంటే కొత్త మోటారు పళ్ళు కూడా విరుగుతాయి. తేలిగ్గా తిరిగితే మోటారు మార్చి, తలుపు ఎక్కడ ఆగాలో మాన్యువల్ ప్రకారం వ్యవస్థకు మళ్ళీ నేర్పించాలి. చిన్న మోటారు కోసం డ్యాష్‌బోర్డు మొత్తం దింపాల్సి వచ్చేలా దాన్ని అమర్చారు, అక్కడ మాకు అభ్యంతరం. మూడు స్క్రూలు చేతికందే వైపు తిప్పి ఉంటే గంటలోపు అయ్యే పని రెండు రోజులు పడుతోంది. టచ్ స్క్రీన్ కూడా అంతే. అంచుల్లో బుడగలు వచ్చి, ఎవరూ ముట్టుకోకుండానే స్టేషన్లు మారిపోతుంటే చాలాసార్లు పోయింది పైన అంటించిన టచ్ పొర ఒక్కటే. అది మార్చుకుంటే సరిపోయే చోట మొత్తం యూనిట్ కొనమంటున్నారు.

క్లిప్పుల గురించి ఎవరూ లేఖలు రాయరు, కానీ గడగడలు, కిర్రుకిర్రులు సగం అక్కడే పుడతాయి. తలుపు ప్యాడ్‌ను పట్టుకునే నైలాన్ క్లిప్పు వేడికి ఎండి పెళుసవుతుంది, ప్యాడ్ లాగగానే తల విరిగి లోపల పడుతుంది. బాగా చలిగా ఉన్నప్పుడు ప్యాడ్ తీయకూడదు, క్యాబిన్ 20 డిగ్రీలకు వచ్చాక వెడల్పు ప్లాస్టిక్ పనిముట్టును క్లిప్పు పక్కనే దూర్చి లేపాలి. క్లిప్పుతో పాటు అది కూర్చునే బొడిపె విరిగితే ప్యాడ్ వెనక అచ్చుపోసిన గుర్తు చూడాలి. పీపీ (పాలీప్రొపైలీన్) అని ఉంటే మామూలు జిగుర్లు పట్టవు, అదే ప్లాస్టిక్ కడ్డీతో వేడి వెల్డింగు చేయాలి. ఏబీఎస్ అని ఉంటే రెండు భాగాల జిగురు పట్టుకుంటుంది. ఆ గుర్తు పక్కనే గడియారంలా అంకెల చక్రం, బాణం ఉంటాయి. ఆ భాగం అచ్చుపోసిన నెల, సంవత్సరం అక్కడే తెలుస్తాయి. గుడ్‌విల్ కోసం, అంటే వారంటీ అయిపోయాక కూడా కంపెనీ తనంతట తాను కొంత ఖర్చు భరించడం కోసం దరఖాస్తు చేసే యజమానులు ఈ అంకెను ఫొటో తీసి జత చేయాలి. ఒకే నెల అచ్చు భాగాలన్నీ ఒకేలా పగిలాయని చూపించడానికి అంతకన్నా బలమైన ఆధారం ఉండదు.

యజమానులకు ఇంకొక మాట కూడా ఈ లేఖలోనే చెబుతాం, మీరూ వినాలి. వారంటీ ముగియడానికి రెండు మూడు నెలల ముందే బండిని పగటి వెలుతురులో లోపలంతా చూసుకోవాలి. లైనింగు అంచులో చిన్న బుడగ, డ్యాష్‌బోర్డు మీద వెంట్రుకంత గీత, అప్పుడప్పుడు వచ్చే చప్పుడు, ఏది ఉన్నా జాబ్ కార్డు మీద మాటల్లో రాయించాలి. "చూశాం, ప్రస్తుతం సమస్య లేదు" అని రాసినా ఫర్వాలేదు, తేదీ ఉంటే చాలు. వారంటీలో ఉండగా నమోదైన ఫిర్యాదు తర్వాత పెద్దదైతే దాన్ని కొత్త సమస్య అని కొట్టిపారేయడం కష్టం. తిరస్కరిస్తే ఆ మాట రాతపూర్వకంగా అడగాలి, దీనికి టెక్నికల్ సర్వీస్ బులెటిన్ ఉందా అని పేరు పెట్టి అడగాలి. బులెటిన్ ఉన్నంత మాత్రాన ఉచితంగా చేస్తారని కాదు, కానీ కంపెనీకి ఆ లోపం తెలుసని తేలుతుంది. అప్పుడు గుడ్‌విల్ కింద విడిభాగం ఖర్చు కంపెనీది, కూలీ యజమానిది అన్న ఒప్పందానికైనా దారి దొరుకుతుంది.

ఆ గుడ్‌విల్ నిర్ణయం ఇప్పుడు ఏ కౌంటరులో ఎవరు కూర్చున్నారన్న దాని మీద ఆధారపడి ఉంది. ఒకరికి సగం ఖర్చు ఇస్తారు, అదే నెలలో అదే లోపంతో వచ్చిన ఇంకొకరికి ఏమీ ఇవ్వరు. ఏ లోపానికి, ఎన్నేళ్ళ వరకు, ఎంత శాతం భరిస్తారో రాసి బయట పెట్టండి. తాకని భాగాలకు ఒక లెక్క, తాకే భాగాలకు ఒక లెక్క పెట్టండి, మేము ఒప్పుకుంటాం. ఎయిర్‌బ్యాగ్ దారిలో ఉన్న తోలు, మూత, పట్టీ క్లిప్పు, సీటు కుట్టు, సెన్సరు స్పాంజి ఈ లెక్కలన్నిటికీ బయట ఉండాలి, వాటికి కాలపరిమితి వద్దు.

విడిభాగాల జాబితాలో లైనింగు గుడ్డ మీటర్లలో, సీటు దిండు స్పాంజి ముక్కగా, మోటారు పళ్ళ చక్రం విడిగా, టచ్ పొర విడిగా, సీట్ల మధ్య ఉండే కన్సోల్ పెట్టె మూత కీలు విడిగా, క్లిప్పులు పది పదిహేను ఉన్న పొట్లాలుగా చేర్చండి. వాటిని విప్పే, బిగించే పద్ధతిని, సెన్సరు సరిచేసే క్రమాన్ని బయటి వర్క్‌షాపులకు కూడా అమ్మండి, ఉచితంగా అడగడం లేదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, మార్చడానికి ఇచ్చే భాగం పగిలిన భాగం లాంటిదే కాకూడదు. పాత మిశ్రమంతోనే పోసిన డ్యాష్‌బోర్డును డబ్బు తీసుకుని బిగిస్తే అది కూడా అదే మూలలో, అదే వయసులో పగులుతుంది. గోదాములో ఏళ్ళుగా ఉన్న స్పాంజి బిగించేనాటికే సగం వయసు అయిపోయి ఉంటుంది. తోలు మిశ్రమం, స్పాంజి రకం, గ్యాస్కెట్ రబ్బరు మార్చినప్పుడు కొత్త పార్ట్ నంబరు ఇవ్వండి, తయారీ నెల పెట్టె మీద ముద్రించండి, పాత నంబరు నిల్వను వెనక్కి తీసుకోండి. ఈ లేఖకు జవాబు రాసేటప్పుడు మోడళ్ళ పేర్లు, తయారైన నెలలు, పాత కొత్త పార్ట్ నంబర్లు, వాటిలో ఏ పదార్థం మారిందో రాసి పంపండి.

ఇట్లు,
పికప్ ట్రక్కుల ఇంటీరియర్ పని చేసేవాళ్ళం, వాటిని నడిపేవాళ్ళం